పట్టీ వెనక మట్టి



ఆదివారం పొద్దున ఆరుంబావుకి తమిళనాడులోని మా ధర్మపురిలో హైవే పక్క టీ కొట్టు దగ్గర నిలబడితే లారీల మోత మధ్య వేరే మోత ఒకటి వినిపిస్తుంది. బెంగళూరు నించి హోసూరు, కృష్ణగిరి దాటుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే స్పోర్ట్స్ కార్లవి. నేలకి జానెడు ఎత్తున పాకుతున్నట్టు వస్తాయి. వాటిలో వచ్చినవాళ్ళు ఆగి, టీ తాగి, ఫోటోలు దిగి, ఎండ ముదిరేలోపు వెనక్కి మళ్ళుతారు. పిల్లలు ఆ ఇంజను శబ్దం కోసం పరుగెత్తుకొస్తారు. నా కళ్ళు మాత్రం కిటికీ అంచుల మీదికి పోతాయి. టింకరింగ్ షెడ్డులో పుట్టి పెరిగినవాణ్ణి, చూపు అలా అలవాటైపోయింది.

కారు ఒంటికి బయట అంచుల్లో అమర్చిన భాగాలుంటాయి. కిటికీ అద్దం కింద మెరిసే పట్టీ, తలుపు అడుగున గరుకు నల్ల ప్లాస్టిక్, కిటికీల మధ్య స్తంభం మీద నున్నటి నల్ల రేకు, ముందు గ్రిల్, అద్దాల చుట్టూ రబ్బరు. కంపెనీ పుస్తకాల్లో వీటికి ట్రిమ్ అని పేరు. మా షెడ్లలో చాలావాటికి బీడింగ్ అనే ఒక్క మాటే. ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది ఈ బీడింగుల గురించే. చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. బీడింగుకి కొత్త రంగు కావాలంటే దాన్ని కారు మీద నించి తీయాలి. తీయకుండా చుట్టూ టేపు అంటించి, పాత పేపర్లు కప్పి, గన్ను పట్టుకుని కొట్టేస్తే అది రంగు వేయడం కాదు, మరకని దాచడం.

మొన్న జనవరిలో బెంగళూరు నించి మా బావ వచ్చాడు. మేనత్త కొడుకు. పన్నెండేళ్ళ నాటి రెండు తలుపుల జర్మన్ కారు సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఇంజను బాగుంది, ఒంటి మీద ఎర్ర రంగు కూడా బాగుంది. కిటికీ పట్టీలు మాత్రం సున్నం కొట్టిన గోడలా పాలిపోయి ఉన్నాయి. తలుపు అడుగు ప్లాస్టిక్ బూడిద రంగుకి తిరిగింది. స్తంభం మీది నల్ల రేకు పైన రంగు ఉల్లిపొరలా లేస్తోంది. అంతకు ముందు ఎవరో టేపు అంటించి కొట్టిన రంగు అది. ఎక్కడ కొట్టించారో బావకీ తెలియదు.

“ఈ తెల్లమరక ఉప్పునీళ్ళదేమో మామా, నిమ్మకాయ రుద్దాను, పోలేదు” అన్నాడు మా నాయనతో.

రుద్దడం మంచిదే అయింది. జబ్బేమిటో ఆ నిమ్మకాయే చెప్పింది. మా జిల్లా నీళ్ళ సంగతి అందరికీ తెలుసు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు పాడైన తరాలు మా ఊళ్ళలో ఉన్నాయి. హొగేనక్కల్ నించి కావేరి నీళ్ళు తెచ్చే పథకం 2013లో మొదలయ్యాక తాగే నీళ్ళు మారాయి. బండ్లు కడిగేది మాత్రం ఇంకా బోరు నీళ్ళతోనే. ఎండలో కడిగిన కారు మీద నీటిబొట్టు ఆరిపోతుంది, అందులోని సున్నం గుండ్రటి మచ్చగా మిగులుతుంది. ఆ సున్నానికి పులుపు విరుగుడు. నిమ్మరసానికో, నీళ్ళు కలిపిన వినిగర్‌కో వదిలిందంటే అది పైమచ్చే. వదల్లేదంటే దెబ్బ లోహానికే తగిలింది.

బావ కారు పట్టీ అల్యూమినియంది. కర్మాగారంలో దాన్ని ఆమ్లం తొట్టెలో ముంచి కరెంటు పంపుతారు. దాంతో పైన గట్టి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆనడైజింగ్ అంటే ఇదే. అది పైనుంచి పూసిన పొర కాదు, ఆ లోహం నించే పెరిగింది, గోరు మన వేలి నించి పెరిగినట్టు. ఎండకి తట్టుకుంటుంది, వానకి తట్టుకుంటుంది, క్షారానికి మాత్రం తట్టుకోదు. వాటర్ వాష్ షెడ్లలో జిడ్డు తొందరగా వదలాలని ఘాటైన క్షారపు సబ్బు నురుగు కొట్టి, అది ఆరేదాకా వదిలేస్తారు. అలా ఏళ్ళ తరబడి కడిగితే ఆ పొర పాలలా తెల్లబడిపోతుంది. ఇక అక్కడ పాలిష్ పనిచేయదు. నురుగు ఆరకముందే నీళ్ళు కొట్టించుకోండి, ఎండలో కడిగించకండి. ఇంతకంటే చవకైన వైద్యం ఇంకొకటి లేదు.

ఇక తీయడం. అసలు పని ఇక్కడే ఉంది.

దీన్ని నేను స్పోర్ట్స్ కారు మీద నేర్చుకోలేదు. స్టాండర్డ్ హెరాల్డ్ మీద నేర్చుకున్నాను. మద్రాసు శివారు వండలూరులో తయారైన హెరాల్డ్ 1961లో మన రోడ్ల మీదికి వచ్చింది. ఇంగ్లండులో అదే బండి ట్రయంఫ్ హెరాల్డ్, 1959 నాటిది. ఆకారం గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. ఆ హెరాల్డ్ చట్రాన్నే పొట్టిచేసి, మీద రెండు సీట్ల ఒళ్ళు కూర్చోబెట్టి 1962లో ట్రయంఫ్ వాళ్ళు తెచ్చిన స్పోర్ట్స్ కారు స్పిట్‌ఫైర్. దాని గీతా మికెలోట్టిదే. అందుకే మన హెరాల్డ్ బానెట్టు కూడా స్పిట్‌ఫైర్‌లాగానే మొత్తంగా ముందుకి ఒరుగుతుంది, చక్రాల మీది రెక్కలతో సహా. హెరాల్డ్ బోల్టులు విప్పితే ముక్కలు ముక్కలుగా ఊడివచ్చే బండి. విప్పి బిగించడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి నాకు తెలియదు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఊళ్ళో ఒక డాక్టరుగారి హెరాల్డ్ రంగుకి వచ్చింది. పక్క పట్టీ తీయమని చెప్పి నాయన టీకి వెళ్ళాడు. నేను స్క్రూడ్రైవర్ దూర్చి ఒక కొస పైకెత్తి లాగాను. పట్టీ వచ్చింది, మధ్యలో మడత పడి. సన్నటి లోహపు పట్టీ ఒక్కసారి మడత పడితే ఎంత సుత్తి వేసినా, ఎంత పాలిష్ పట్టినా ఆ మడత దగ్గర వెలుగు విరుగుతుంది. నాయన తిరిగొచ్చి చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. “లాగొద్దురా. అది దేన్ని పట్టుకుని ఉందో కనుక్కో. ఆ పట్టు వదిలిస్తే అదే వస్తుంది” అన్నాడు. డాక్టరుగారికి వేరే పట్టీ వెతికి తెచ్చి వేశాడు. మడత పడిన పట్టీని షెడ్డు గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

పట్టుకుని ఉండేవి మూడు రకాలు. కనిపించని స్క్రూలు, ప్లాస్టిక్ క్లిప్పులు, రెండు వైపులా అంటుకునే నురుగు టేపు. తలుపు పూర్తిగా తెరిచి దాని మందం వైపు చూస్తే కిటికీ పట్టీని బిగించిన స్క్రూ ఒకటి చాలా కార్లలో అక్కడుంటుంది. అది చూడకుండా పైనుంచి ఎత్తబోయేవాళ్ళే పట్టీలు విరిచేది. క్లిప్పుల సంగతికొస్తే, మా దగ్గర జనవరి పొద్దులు చల్లగా ఉంటాయి. చలికి ప్లాస్టిక్ పెళుసుబారి క్లిప్పు ముట్టుకుంటే తునిగిపోతుంది. బావకి తొందర. మేం కారుని పదకొండింటిదాకా ఎండలో నిలబెట్టాం. రేకు వెచ్చబడితే క్లిప్పు వంగుతుంది, టేపు జిగురు మెత్తబడుతుంది. నీడలో పనైతే హీట్ గన్ను వాడొచ్చు, కానీ చెయ్యి ఆనించి ఓర్చుకోగలిగిన వేడి దాటనివ్వకూడదు.

ఇనుప పనిముట్టు మాత్రం దగ్గరికి రానివ్వద్దు. ఇప్పుడు నైలాన్ చీలికలు అమ్ముతున్నారు. నాయన కాలంలో వెదురు చీల్చి, అంచు గాజుపెంకుతో నునుపు చేసుకునేవాళ్ళు. పక్కనున్న రంగు మీద ముందు మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయాలి. షెడ్డులో ఆ టేపుకి అసలు పని ఇదే. చీలికని క్లిప్పున్న చోటే దూర్చి కొంచెం ఎత్తాలి, తర్వాతి క్లిప్పు దగ్గరికి జరగాలి. ఒక చోట ఎక్కువ ఎత్తితే నా హెరాల్డ్ పట్టీ గతే.

టేపుతో అంటించిన ముక్కలకి చేపలు పట్టే నైలాన్ దారం కావాలి. హొగేనక్కల్ వైపు వెళ్ళేవాళ్ళతో చెబితే తెచ్చిస్తారు. రెండు కొసలూ రెండు చేతులకి చుట్టుకుని, ముక్కకీ రేకుకీ మధ్యకి దించి, ఇటూ అటూ లాగుతూ పోవాలి. ఉడికిన గుడ్డుని దారంతో కోస్తాం చూడండి, అలాగ. తీసిన ప్రతి క్లిప్పునీ గుడ్ల అట్టలో పెడతాం. మొదటి గుంటలో మొదటి క్లిప్పు, రెండో గుంటలో రెండోది. ముందు నించి వెనక్కి, అదే వరస. చూడ్డానికి ఒకేలా ఉన్నా చివరి క్లిప్పు కాలు కొన్నిట్లో పొట్టిగా ఉంటుంది. ఆ తేడా బిగించే రోజున తెలిస్తే ఆలస్యమైపోయినట్టే.

పట్టీ వచ్చాక దాని వెనక ఏముందో చూశారా ఎప్పుడైనా?

మట్టి. బావ కారులో వేలు మందాన ఉంది. బెంగళూరు ఎర్రమట్టి, ఎక్కడిదో నల్లమట్టి, ఎండిన చింతాకు, చచ్చిన చీమలు. కడిగిన ప్రతిసారీ నీళ్ళు ఆ సందులోకి పీల్చుకుపోతాయి. బయట రేకు పది నిమిషాల్లో ఆరుతుంది, ఆ మట్టి మాత్రం రెండు రోజులు తడిగానే ఉంటుంది. క్లిప్పు ఊగి రంగు గీసిన చోట ఇనుము బయటపడి ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తగిలి ఉన్న చోట రెండు వేర్వేరు లోహాల మధ్య తడి చేరితే తుప్పు ఇంకా త్వరగా పుడుతుంది. తుప్పు, తను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకని లోపల నించి పట్టీని బయటికి నెడుతుంది. “బీడింగ్ లూజయింది” అని గుద్ది మళ్ళీ లోపలికి కొట్టేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. అది లూజు కాదు, లోపలి జబ్బు చేస్తున్న సైగ. టేపు అంటించి పైపైన రంగు కొట్టినవాడికి ఇది ఎప్పటికీ కనపడదు. బావ కారులో రెండు చోట్ల చిన్న గింజంత తుప్పు ఉంది. గీకి, శుభ్రం చేసి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, రంగు పూశాం. ఇంకో రెండు వానాకాలాలు ఆగి ఉంటే రేకు కోసి అతకాల్సి వచ్చేది.

ఇనుము గురించి మాట్లాడేటప్పుడు ఈ నేల సంగతి తలచుకోకుండా ఉండలేను. 2004 దాకా మా జిల్లాలోనే ఉండి ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలోకి వెళ్ళిన మయిలాడుంపారైలో బయటపడిన ఇనుము క్రీస్తుపూర్వం 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. ధర్మపురి పాతపేరు తగడూరు, అదియమాన్ ఏలిన ఊరు. అదియమాన్ తరఫున రాయబారిగా వెళ్ళిన కవయిత్రి అవ్వైయార్‌కి ఎదుటి రాజు తొండైమాన్ తన ఆయుధశాల చూపించాడట. నేయి పూసి, నెమలి ఈకలు కట్టి, తళతళలాడుతున్నాయి అన్నీ. మా రాజు ఆయుధాలు మొనలు విరిగి కమ్మరి కొట్టంలో పడి ఉన్నాయి అని ఆమె చెప్పిన పద్యం పురనానూరు అనే ప్రాచీన తమిళ సంకలనంలో ఉంది. ఎవరివి యుద్ధానికి వెళ్ళొచ్చిన ఆయుధాలో విన్నవాడికి తెలిసిపోతుంది. మా షెడ్డు ఆ కమ్మరి కొట్టం వారసత్వంలోదే అని నేను నమ్ముతాను.

సరే, తీసిన ముక్కల సంగతి. ప్లాస్టిక్ ముక్కని వెనక్కి తిప్పండి. అచ్చులో పోసిన చిన్న అక్షరాలుంటాయి. పీపీ అనో, ఏబీఎస్ అనో. దాని జాతి అది. తీయకపోతే ఈ అక్షరాలూ కనపడవు.

గరుకు నల్ల ప్లాస్టిక్ ఎక్కువగా పీపీ, అంటే పాలీప్రొపిలీన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని పైపొరని తెంచేస్తాయి, అది పొడిబారి బూడిదలా కనిపిస్తుంది. దాని మీద హీట్ గన్ను తిప్పితే మంత్రం వేసినట్టు నల్లబడుతుంది, కొన్ని నెలలకి మళ్ళీ బూడిదే. నూనెలాంటి డ్రెస్సింగు రాసినా అంతే, రెండు వానలకి పోతుంది. పైగా అందులోని సిలికాన్ మిగిలిపోయిన చోట తర్వాత వేసిన రంగు కన్నాలు కన్నాలుగా విడిపోతుంది. రంగే వేద్దామంటే పీపీకి ఒక గుణం ఉంది. తామరాకు మీద నీళ్ళలాగ దాని మీద రంగు నిలవదు. సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగి, స్కాచ్‌బ్రైటుతో మెరుపు పోయేలా రుద్ది, జిడ్డు తుడిచి, ప్లాస్టిక్ ప్రైమర్ అని దొరికేదాన్ని పల్చగా పట్టించాలి. రంగుకీ పీపీకీ పెళ్ళి చేసేది అదే. దాని మీద మెరుపు లేని నల్లరంగు మూడు పల్చటి పూతలు, పూతకీ పూతకీ మధ్య పది నిమిషాలు. మందంగా ఒక్కటే కొట్టారా, ఆ గరుకు నమూనా పూడిపోయి కొత్త ముక్క కూడా అతుకులా కనిపిస్తుంది.

ఏబీఎస్ అలా కాదు. రంగు పట్టుకుంటుంది, కానీ ఘాటు థిన్నర్ తగిలితే కరిగిపోతుంది. బావ కారు స్తంభం రేకులు అవే. లేచిపోయిన పాత పొరల్ని 400 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 800 దాకా ఓపిగ్గా దించాం. అంచుల్లో పాత రంగు ఒక్క గీతంత మిగిలినా కొత్తది అక్కడే లేస్తుంది. ప్రైమర్, నలుపు, పైన రంగులేని క్లియర్ పూత. రంగు కొట్టే ముందు నేల మీద నీళ్ళు చల్లి దుమ్ము అణచాం. ఐప్పసి కార్తీక మాసాల వానల్లో, అంటే అక్టోబరు నించి డిసెంబరు దాకా, మాత్రం ఈ పని పెట్టుకోకండి, గాలిలో తేమకి రంగు మెరుపు చచ్చి మసకబారుతుంది.

క్లియర్‌లో కలిపే హార్డెనర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే దీని కోసం. అందులో ఐసోసైనేట్ ఉంటుంది. పిచికారీ చేసినప్పుడు ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత చిటికెడు తగిలినా ఊపిరి బిగుస్తుంది. మూతికి కట్టుకున్న చేతిరుమాలు దుమ్మునైనా పూర్తిగా ఆపదు, దీన్నెక్కడ ఆపుతుంది? నాయన నలభై ఏళ్ళు రుమాలుతోనే కొట్టాడు. ఇప్పుడు మెట్టు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి. బయట నించి మంచి గాలి గొట్టంతో అందించే మాస్కు సరైన రక్షణ. కారు యజమానులారా, మీ బండికి రంగు కొట్టే కుర్రాడి మొహానికి ఏముందో ఒకసారి చూడండి. లేకపోతే అడగండి. క్రోమ్ పూత సంగతి కూడా ఇంతే. పూతలో పైనుండే క్రోమియం మామూలుగా మైక్రాన్‌లో సగం కూడా ఉండదు, గరుకు పాలిష్‌తో రుద్దితే అదీ పోతుంది. మళ్ళీ వేయించాలంటే విషపు తొట్టెల పని. రాణిపేటలో మూతబడిన క్రోమేట్ కర్మాగారం వదిలిపోయిన వ్యర్థాల గుట్ట మా రాష్ట్రానికి ఏళ్ళ తరబడి గుండెల మీద కుంపటైంది. ఉన్న క్రోమ్‌ని మెత్తటి గుడ్డతో తుడిచి కాపాడుకోవడమే నా సలహా.

కిటికీ పట్టీల దగ్గర బావకీ నాకూ మాట పడింది. “అన్నీ నల్లగా కొట్టెయ్యి బావా, ఇప్పుడు అదే ఫ్యాషను” అన్నాడు. ఆ కారు ఆకారం గీసినవాడు కిటికీ కింద ఒక వెండి గీత అనుకుని గీశాడు. ఆ గీత తీసేస్తే కంటికి నడుం ఎక్కడుందో తెలియదు. నాయన కూడా నా వైపే మాట్లాడాడు. బావ ఒప్పుకున్నాడు. పాలిష్ పట్టి క్లియర్ కొడితే అంచుల నించి లేస్తుంది కాబట్టి మళ్ళీ ఆనడైజింగే చేయించాలనుకున్నాం. పట్టీల్ని వంకర లేని టేకు చెక్కకి గుడ్డపీలికలతో కట్టి, వంగకుండా హోసూరు తీసుకెళ్ళాను. ఆ తొట్టెలో పట్టీని వేలాడదీసే కొక్కెం తగిలిన చోట పొర ఏర్పడదు, అక్కడ మచ్చ మిగిలిపోతుంది. కొక్కెం వెనక వైపు, కనపడని చోట తగిలించమని చెప్పి, వాళ్ళు తగిలించేదాకా పక్కనే నిలబడ్డాను. ఈ ఒక్క మాట చెప్పకపోతే వెళ్ళిన శ్రమంతా వృథా.

బిగించడం సగం రోజు పని. కొత్త క్లిప్పులు ముందు పట్టీకి ఎక్కించి, పట్టీని వెనక కొస నించి వరసగా అరచేత్తో ఒత్తుకుంటూ వచ్చాం. క్లిప్పు కూర్చున్నప్పుడు టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. నాయన కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆ చప్పుళ్ళు లెక్కపెట్టాడు. “ఎడమ తలుపులో ఒకటి తక్కువైంది” అన్నాడు. చూస్తే నిజమే, నాలుగోది సగమే కూర్చుంది.

స్తంభం రేకులకి కొత్త నురుగు టేపు వేశాం. ఆ జిగురు పూర్తిగా పట్టడానికి 72 గంటలు కావాలి. ఆదివారం సాయంత్రం బావ కారు చుట్టూ తిరిగి తిరిగి చూసి, “ఇక్కడే ఒకసారి నీళ్ళు కొట్టించుకుని పోతాను, దుమ్ముగా ఉంది” అన్నాడు.

“బుధవారం దాకా నీళ్ళు తగలనివ్వకు” అన్నాడు నాయన.

దుమ్ముతోనే బయల్దేరాడు. కృష్ణగిరి వైపు మలుపు తిరిగేటప్పుడు సాయంకాలపు ఎండ కిటికీ కింద ఆ వెండి గీత మీద ఈ కొస నించి ఆ కొసదాకా ఎక్కడా విరగకుండా జారింది. నాయన లేచి లోపలికి వెళ్ళి, గుడ్ల అట్టలో మిగిలిన పాత క్లిప్పుల్ని ఒక్కొక్కటే డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు.